ముప్ఫై నాలుగు ప్రశ్నలకు ఒకే గీత

మా వదిన నవ్వు నా వల్ల పోయింది. ముందు నవ్వు పోయింది, ఆ వెనకే ఆఫీసులో ఆవిడ కుర్చీ పోయింది. కుర్చీ సంగతి చివరికి ఎలాగో చక్కబెట్టాను కాబట్టి నన్ను మంచిదాన్ననుకునేరు. తొందరపడకండి. మొత్తం విన్నాక మీ ఇష్టం.

మేమిద్దరం నిఘంటువు ఆఫీసులో పనిచేస్తాం. ఇంగ్లీషు మాటకు తెలుగులో అర్థం, దాంతోపాటు ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎలా మారింది అన్న చరిత్ర, రెండూ ఇచ్చే లావుపాటి పుస్తకం మాది. కళ్ళజోళ్ళ దుకాణం మీద రెండో అంతస్తులో మూడు గదులు, కింద సామాన్లకు, పార్సిళ్ళకు ఇంకో రెండు. మొదటి గదిలో గోడ పొడుగునా చెక్క సొరుగులు, వాటి నిండా అట్టచీటీలు. మాటకో చీటీ. మాటల పుట్టుక రాసే బల్ల నాది. చీటీ రాసి, మూలన సంతకం పెట్టి సొరుగులో వేస్తాను. కంపోజిటర్ బాబాయ్ ఆ సొరుగు ఎత్తుకెళ్ళి కంప్యూటర్లో కొడతాడు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని అదే. చీటీలో ఏముందో ఆలోచించడు, ఏముంటే అది కొడతాడు. ఒకే మాటకు రెండు చీటీలు కలిపి గుచ్చి ఉంటే, రెండోదాన్ని 'మరో అభిప్రాయం' అని కింద చేరుస్తాడు. మా ఆఫీసు పద్ధతి అది. పండితులు కొట్టుకుంటారని పెట్టుకున్న ఏర్పాటు.

బాబాయ్ కొట్టిన కాగితాలు ప్రూఫులుగా వదిన దగ్గరికి వెళతాయి.

వదిన అంటే మా అన్నయ్య భార్య. నేను వాళ్ళింట్లోనే ఉంటాను. పెళ్ళి మాటెత్తితే అన్నయ్య మీద లేస్తాను కాబట్టి ఇప్పుడు ఎవరూ ఎత్తరు. నా కోపం చూసి ఇంట్లో నన్ను మిరపకాయ అని పిలుస్తారు. నన్ను ఆ ఆఫీసులో పెట్టించింది వదినే. ఇరవై రెండేళ్ళుగా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకుని, ప్రూఫులు చూసేది. ఆవిడ కళ్ళు దాటి చీమ కూడా పోదని పెద్దసారే అనేవారు. పెద్దసారంటే మా సంపాదకుడు.

ఇక ఆవిడ నవ్వు. లావుపాటి మనిషి ఎంత పెద్దగా నవ్వుతాడనుకుంటారో, బక్కపల్చని మా వదిన అంతకు రెండింతలు నవ్వేది. నోరు బార్లా తెరిచి, బల్ల మీద చరిచి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, అయిపోయిందనుకునేసరికి మళ్ళీ మొదలుపెట్టేది. కింద కళ్ళజోళ్ళ దుకాణం వాళ్ళు బయటికొచ్చి పైకి చూసేవాళ్ళు. అది వాళ్ళ నాన్న నవ్వు. ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఆవిడకు నాలుగేళ్ళప్పుడే వాళ్ళమ్మ పోతే, కూతుర్ని నిచ్చెన కింద కూర్చోబెట్టుకుని పని చేసేవాడట. అక్షరాలు నేర్పింది ఆయనే, నవ్వు నేర్పింది ఆయనే. ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ సంగతులన్నీ వదిన నాకు ఎన్నోసార్లు చెప్పింది. నాకు తెలియక చేశానని చెప్పుకునే వీలు లేకుండా అన్నీ చెప్పింది.

ప్రతి సోమవారం పెద్దసారు గదిలో అందరం కూర్చుంటాం. ఆ వారం 'చకిల్' అనే మాట వంతు వచ్చింది. గొంతులో గొంతులోనే నవ్వుకోవడాన్ని ఇంగ్లీషులో అలా అంటారు. నా ఉద్యోగం ఖాయం చెయ్యాల్సిన నెల దగ్గర పడుతోంది. పెద్దసారు చేత ఒక్క శభాష్ అనిపించుకోవాలని నా ఆరాటం. మన 'చకిత' నుంచే ఈ 'చకిల్' పుట్టిందని, ఆశ్చర్యపడ్డవాడికి నవ్వొస్తుంది కాబట్టి అర్థం కూడా అతుకుతుందని, ఆధారం అన్నది గోరంత లేకపోయినా ఆరిందాలా పావుగంట చెప్పాను.

వదిన మొదట పెదాలు బిగబట్టింది. తర్వాత ఆవిడ వల్ల కాలేదు.

"ఆశ్చర్యపోతే నోరు తెరుస్తారు గానీ నవ్వుతారటే మిరపకాయ్?" అంది, బల్ల చరిచి నవ్వేసింది.

ఆ నవ్వు అంటురోగం. కంపోజిటర్ బాబాయ్ నవ్వాడు, చీటీల గదిలోవాళ్ళు నవ్వారు, ఎప్పుడూ నవ్వని పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆఫీసులో, అందరి ముందు, ఇంట్లో పిలిచే పేరుతో పిలిచి మరీ నవ్విందే అని నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ వెక్కిరించలేదు. నవ్వొచ్చింది, నవ్వింది. ఆ తేడా నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మూడు రోజులు పుస్తకాలు తిరగేసి అసలు సంగతి పట్టుకున్నాను. మధ్యయుగపు ఇంగ్లీషులో కోడి చేసే చప్పుడును అనుకరించే 'చక్' లాంటి ఒక మాట ఉండేది. అది పదేపదే చెయ్యడం 'చకిల్' అయింది. మొదట్లో ఆ మాటకు పెద్దగా నవ్వడం అనే అర్థం. తర్వాతెప్పుడో అది నోట్లోంచి బయటికి రాకుండా, లోలోపల నవ్వుకోవడం అయిపోయింది. చీటీ రాసి సంతకం పెట్టాను. కోడి అన్న మాట చేతిలో పడింది కదా, నా బుద్ధి ఊరుకుంటుందా? ఇంకో చీటీ తీసి గబగబా ఇలా రాశాను.

'మా ప్రూఫ్‌రీడర్ నవ్వు నుంచి పుట్టింది. గుడ్డు పెట్టిన కోడిలా ఊరంతా చాటింపు వేసే నవ్వు. నోరు మూసుకుని నవ్వాలని పుట్టింట్లో చెప్పే దిక్కు లేకపోవడం వల్ల ఈ మాట ఏర్పడింది.'

చీటీల గదిలో ఇద్దరు ముగ్గురికి చూపించి నవ్వించాలని నా ఎత్తు. వాళ్ళు భోజనానికి వెళ్ళారు. వచ్చాక చూపిద్దామని అసలు చీటీ వెనక గుచ్చి సొరుగులో పెట్టాను. ఆ సాయంత్రం బస్సులో వదిన నా పక్కన కూర్చుంది. అందరి ముందు అలా పిలవకుండా ఉండాల్సింది, పొరపాటైంది, మనసులో పెట్టుకోకు అంది. నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది. నా కోపాలన్నీ అంతే, పాలపొంగు. పొంగి పొయ్యి మీద పడ్డదాన్ని తుడుచుకోవాల్సింది మాత్రం వేరేవాళ్ళు.

మర్నాడు చీటీ తీసేద్దామని వెళితే, బాబాయ్ అప్పటికే ఆ సొరుగు ఎత్తుకెళ్ళిపోయాడు. వెళ్ళి అడగాలంటే ఎందుకో చెప్పాలి. ప్రూఫులో వచ్చాక చూసుకుందాంలే అనుకున్నాను. అలా అనుకోవడంతోనే సగం మరిచిపోయాను. పుస్తకం అచ్చుకు వెళ్ళే హడావుడిలో మిగతా సగం కూడా మరిచిపోయాను. ప్రూఫు ముందుగా ఎవరి చేతికి వెళుతుందో నాకు తట్టనే లేదు.

ప్రూఫు చూసేవాళ్ళకు మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. చీటీలో ఉన్న విషయాన్ని వాళ్ళు మార్చకూడదు, కొట్టెయ్యకూడదు. అనుమానం వస్తే గళ్ళకాగితం మీద పేజీ, వరుస వేసి ప్రశ్నార్థకం పెట్టాలి. ఆ కాగితం చీటీ రాసినవాళ్ళ దగ్గరికి వస్తుంది. ఎదుటి గడిలో 'ఉంచాలి' అనో 'తీసెయ్యాలి' అనో వాళ్ళు రాసి పంపాలి. వదిన ప్రశ్నలంటే నాకు చిరాకు. కామా పక్కన ఖాళీ ఎక్కువైందా, ఈ ఏడు సరైనదేనా, ఇలా గుచ్చి గుచ్చి అడిగేది. తొంభై శాతం నేను రాసిందే ఒప్పయ్యేది. మిగతా పది శాతం ఆవిడదే ఒప్పని తేలినప్పుడు ఇంకా చిరాకేసేది.

అచ్చుకు ముందు వారం అలాంటి కాగితాలు రోజుకు ఏడెనిమిది వచ్చాయి. ఒప్పుకుంటున్నాను, నేను చదవలేదు. పై గడిలో 'ఉంచాలి' అని రాసి, అక్కడినుంచి కింది గడి దాకా ఒకటే గీత గీసి, అడుగున సంతకం పెట్టి పంపించాను. అన్నిటికీ అంతే.

ఆ సాయంత్రాల్లో ఒకనాడు, ఆరేసిన బట్టలు తెచ్చి ఇద్దరం మంచం మీద మడతలు పెడుతున్నాం. కాగితాలన్నీ చదివే సంతకం పెట్టావా అని వదిన అడిగింది. తల కూడా ఎత్తకుండా అడిగింది.

"చదివాను వదినా. ప్రతిదానికీ ప్రశ్న వేస్తే ఈ పుస్తకం మన జన్మలో రాదు. ఉంచాలన్నానంటే ఉంచాలి, అంతే" అన్నాను.

ఆవిడ మడత పెట్టిన అన్నయ్య చొక్కాను విప్పి మళ్ళీ మడత పెట్టింది. "సరే, ఉంచుదాం" అంది.

అప్పటినుంచి ఆవిడ నవ్వినప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. చప్పుడు బయటికి రాదు, భుజాలు మాత్రం కొద్దిగా కదులుతాయి. పంటినొప్పా అని అన్నయ్య అడిగాడు. కాదంది. నన్ను మిరపకాయ అనడం కూడా మానేసింది. నువ్వు, నువ్వు అనేది. నేను ఏమనుకున్నానో చెప్పమంటారా? హమ్మయ్య, ఇన్నాళ్ళకు ఆఫీసులో మర్యాద తెలిసిందనుకున్నాను.

పుస్తకం వచ్చింది. నెల తిరక్కుండా ఒక పంతులుగారి దగ్గరినుంచి పెద్దసారుకు ఉత్తరం వచ్చింది. మీ ప్రూఫ్‌రీడర్ ఎవరో నాకు తెలియదు, కానీ ఆవిడ నవ్వు సంగతి నాలుగైదు వందల ఏళ్ళనాటి ఇంగ్లీషువాళ్ళ దాకా ఎలా వెళ్ళిందో దయచేసి తెలియజేయగలరు అని రాశాడాయన. పేజీ అంకె కూడా వేశాడు.

పెద్దసారు ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టారు. నా అక్షరాలు అచ్చులో, చుక్కా కామాతో సహా, 'మరో అభిప్రాయం' కింద కూర్చుని ఉన్నాయి. ఎవరు రాశారిది అని ఆయన అందరినీ పేరుపేరునా అడిగారు. నా వంతు వచ్చింది.

"నేను రాసింది మొదటి చీటీ ఒక్కటే సార్" అన్నాను.

నా గొంతు వణకలేదు కూడా. ఉద్యోగం ఖాయమయ్యే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. బాబాయ్ తనకొచ్చిన చీటీలే కొట్టానన్నాడు, అది నిజం. చీటీ తెమ్మంటే, పాత చీటీల కట్టలు సర్దే పని వదినది, ఆ ఒక్కటీ కనిపించడం లేదని ఆవిడ చెప్పింది. పెద్దసారు వదినవైపు తిరిగి, ఎవడు రాసినా చివరగా చూసేది మీరే కదమ్మా, ప్రశ్న కూడా వెయ్యలేదా అన్నారు.

వదిన నావైపు చూడలేదు. "వెయ్యలేదు సార్. నా కళ్ళు దాటిపోయింది" అంది.

ఆ మాట నేను నమ్మాను చూడండి, అదీ నా గొప్ప. ఆవిడే చూసుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా అని లోపల్లోపల ఆవిడ మీద విసుక్కున్నాను కూడా. తేలు కుట్టిన దొంగలా కూర్చునే, తప్పు ఆవిడ మీదికి నెట్టే దారి వెతుక్కున్నాను.

ఇరవై రెండేళ్ళ మనిషిని పెద్దసారు తీసెయ్యలేదు. కుర్చీ నుంచి లేపి, కింద సామాన్ల గది పక్కన పార్సిళ్ళు కట్టే గదిలో వేశారు. పుస్తకాలకు అట్టలు చుట్టి, తాడు కట్టి, చిరునామా కాగితాలు అంటించే పని. అక్కడ కిటికీ లేదు. రెండో ముద్రణకు ప్రూఫులు చూసే బాధ్యత ఎవరికి ఇవ్వాలో ఆర్నెల్లకు తేలుస్తామన్నారు. తేలేది ఏముంది, ఇక ఆవిడకు రాదనే అర్థం. ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకునే కిందికి దిగింది. అక్కడ దానితో పని లేదని రెండో రోజు గ్రహించినట్టుంది, మూడో రోజు చెవి ఖాళీగా ఉంది.

అన్నయ్య గొడవ చేశాడు. నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఒక్క మాట చెప్పలేకపోయావా అని నన్ను అడిగాడు. నేనేం చెప్పగలను అన్నాను. అన్నం సహించలేదు. కక్కలేను, మింగలేను. ఉద్యోగం ఖాయమైన కాగితం చేతికొచ్చిన రోజున వదిన నాకు ఇష్టమని పాయసం చేసింది. తిన్నాను, వదిలిపెట్టలేదు.

ఆ తర్వాత వారం, వేరే మనిషి దొరికేదాకా ప్రూఫులు నువ్వే చూడమని పెద్దసారు నన్ను వదిన కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ మీద ఆవిడ కుట్టుకున్న గుడ్డ దిండు అలాగే ఉంది. బల్ల సొరుగు లాగితే ఎర్ర పెన్సిళ్ళ ముక్కలు, వరుస తప్పకుండా పెట్టుకునే చెక్క కొలబద్ద, కళ్ళద్దాలు తుడుచుకునే మెత్తటి గుడ్డ. అడుగున వారాల వారీగా కట్టలు కట్టిన ప్రశ్నల కాగితాలు. ఎలా వెయ్యాలో చూసి నేర్చుకుందామని పై కట్ట విప్పాను.

నాలుగో కాగితానికి నా చీటీ గుచ్చి ఉంది. కోడి చీటీ.

కాగితం మీద ముప్ఫై నాలుగు ప్రశ్నలున్నాయి. మామూలుగా వదిన మాటలేవీ రాయదు, అంకెలు వేసి ప్రశ్నార్థకం పెడుతుందంతే. పంతొమ్మిదో గడిలో మాత్రం మాటలున్నాయి. 'ఇది అచ్చులో ఉండాలనే నీ ఉద్దేశమా?' అని రాసింది. ముప్ఫై నాలుగో గడిలో, అన్నిటికన్నా కింద, ఇంకా చిన్న అక్షరాలతో రాసింది. 'పైన పంతొమ్మిది ఒకసారి చూడవూ.'

ఎదురుగా మొదటి గడిలో నా చేతిరాత, 'ఉంచాలి.' అక్కడినుంచి కిందికి నా గీత. కొలబద్ద పెట్టి గీసినట్టు, ఎక్కడా ఆగకుండా, పంతొమ్మిది దాటి, ముప్ఫై నాలుగు దాటి, నా సంతకం దాకా.

ఆవిడ కళ్ళు దాటలేదు. ఆవిడ చూసింది, చదివింది, ఉంచమంటావా అని నన్నే అడిగింది, మళ్ళీ అడిగింది. ఉంచాలన్నాను. మంచం మీద బట్టలు మడతపెడుతూ మూడోసారి అడిగితే, ఉంచాలన్నానంటే ఉంచాలి అంతే అన్నాను. ఆ మనిషి పెద్దసారు ముందు నిలబడి నా కళ్ళు దాటిపోయింది అని చెప్పింది. ఈ కాగితం ఒక్కటి తీసి బల్ల మీద పెట్టి ఉంటే ఆవిడ కుర్చీ ఆవిడకు ఉండేది.

కాగితం సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళాను. అన్నయ్య ఇంకా రాలేదు. వదిన వంటగదిలో గిన్నెలు తోముతోంది. కాగితం గట్టు మీద పెట్టాను. ఆవిడ చూసింది, కుళాయి కట్టేసి చేతులు తుడుచుకుంది. రోజంతా తాళ్ళు లాగి లాగి వేళ్ళ మీద ఎర్రటి గీతలు పడి ఉన్నాయి.

ఎందుకు చెప్పలేదు వదినా అన్నాను.

"అడిగాను కదా" అంది. "కాగితం మీద రెండుసార్లు, ఇంట్లో ఒకసారి."

నేను చదవలేదని, చదవకుండానే గీత గీశానని చెప్పాను. అది చెప్పడం ఒప్పుకోవడమో, తప్పించుకోవడమో నాకే తెలియలేదు. ఆవిడ ఆ గీతవైపు చూసింది. ఎర్ర పెన్సిలు తన చేతిలోనే ఉందని, ఒక్క గీతతో కొట్టెయ్యొచ్చని, తను ఆగింది కట్టుబాటు వల్ల కాదని, కోపం వల్లేనని చెప్పింది. అచ్చులో చూసి నువ్వు సిగ్గుపడాలనుకున్నాను, ఆ కోపంలో పుస్తకం పాడుచేశాను, అందుకే కుర్చీ పోయినా నోరెత్తలేదు అంది. నీ ఉద్యోగం పోగొట్టి మీ అన్నయ్య మొహం ఎలా చూడను అని కూడా అంది. అన్నీ అంకెలు చదువుతున్నట్టు చెప్పింది. తర్వాత ఒక్కటి అడిగింది.

"అది రాసేటప్పుడు మా నాన్న సంగతి నీకు గుర్తుందా?"

లేదని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. ఎంత తేలికైన మాట! ఆవిడ నమ్మేది కూడా. ఆ వంటగదిలో నిలబడి, జీవితంలో మొదటిసారి ఆవిడకు అబద్ధం చెప్పలేకపోయాను.

"గుర్తుంది వదినా" అన్నాను. "గుర్తుండే రాశాను. ఎక్కడ గట్టిగా తగులుతుందో వెతికి రాశాను."

ఆవిడ తలూపింది. మళ్ళీ కుళాయి తిప్పి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఓదారిస్తే నేను ఇంకా చచ్చిపోయేదాన్ని.

మర్నాడు పొద్దున్నే పెద్దసారు గదికి వెళ్ళి చీటీ, కాగితం రెండూ ఆయన ముందు పెట్టాను. దారి పొడుగునా ఎన్నో వాక్యాలు పేర్చుకున్నాను, పని ఒత్తిడి అనీ, వదినా మరదళ్ళ వేళాకోళం అనీ. అక్కడ నిలబడేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. రాసింది నేను, అబద్ధం చెప్పింది నేను, ఆవిడ అడిగింది, నేను చదవలేదు. ఇంతే చెప్పాను. ఆయన పంతొమ్మిదో గడి చదివారు, ముప్ఫై నాలుగో గడి చదివారు, నా గీత వెంట వేలు పెట్టి కిందిదాకా వచ్చారు.

"ఆవిడ వెయ్యలేదని ఎందుకు చెప్పినట్టు?" అన్నారు.

నాకోసం అన్నాను.

ఆ మధ్యాహ్నం వదిన పైకి వచ్చింది, నేను కిందికి దిగాను. ఖాయమైన ఉద్యోగం ఏడాది వెనక్కి పోయింది. అది నాకు పెద్ద బాధ అనిపించలేదు, నిజం. అమ్ముడుపోని పుస్తకాలన్నిట్లో ఆ పేజీ తెరిచి, తప్పు ఉన్న చోట సరైన పాఠం అచ్చేసిన చిన్న కాగితం ముక్క అంటించాలి. ఆ పని నాకే అప్పగించారు. దానికి పాఠం కూడా నేనే రాయాలి. వదిన ప్రూఫు చూస్తుంది.

ఆవిడ కుర్చీలో ఆవిడ కూర్చుంది, పెన్సిలు చెవి మీదికి చేరింది. అన్నీ చక్కబడ్డాయని అన్నయ్య సంబరపడ్డాడు. అసలు జరిగిందేమిటో నేనే ఆయనకు చెప్పాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాడు. ఒకరోజు ఆయన నిద్రమత్తులో నా చెప్పు ఒకటి, తన చెప్పు ఒకటి వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఒకప్పుడైతే వదిన నవ్వుకు పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగేవాళ్ళు. ఆవిడ అరచెయ్యి నోటిమీదికి వెళ్ళింది. భుజాలు కదిలాయి. నేను నా అన్నం కంచంలోకి చూసుకుంటూ కూర్చున్నాను. పెద్దసారుకు కాగితం చూపిస్తే కుర్చీ వచ్చింది. దీనికి ఏ కాగితం చూపించాలి?

సవరణ చీటీ రాశాను. 'కోడి చేసే చప్పుడును అనుకరించిన పాత మాట నుంచి పుట్టింది. మొదట పెద్దగా నవ్వడం అనే అర్థం. తరువాత లోలోపల నవ్వుకోవడం. ఈ మార్పు ఎందుకు వచ్చిందో తెలియదు.' సంతకం పెట్టి పైకి పంపాను. సాయంత్రానికి గళ్ళకాగితం తిరిగొచ్చింది. ఒక్కటే ప్రశ్న. మూడో వరుస, 'ఎందుకు వచ్చిందో తెలియదు' దగ్గర ప్రశ్నార్థకం.

అది మామూలు ప్రశ్నే. ఇలాంటి వాక్యానికి ఆధారం ఏమిటని ఆవిడ ఎవరినైనా అడుగుతుంది. ఆ సంగతి తెలుసు. అయినా ఆ కాగితాన్ని జిగురు డబ్బా పక్కన పెట్టుకుని, కిటికీ లేని ఆ గదిలో మళ్ళీ మళ్ళీ చదివాను. తర్వాత ఎదుటి గడిలో రాశాను.

'తెలుసు. నా వల్ల.'

పైకి పంపడానికి ధైర్యం చాలక నేనే తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాను. వదిన చదివింది. కళ్ళద్దాలు తీసింది, తుడిచి పెట్టుకుంది, మళ్ళీ చదివింది. బాబాయ్ కంప్యూటరున్న గదివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఇది ఇలాగే ఇస్తే బాబాయ్ ఇదీ అచ్చేస్తాడే మిరపకాయ్" అంది.

అనేసి ఆ మాటకు తనకే నవ్వొచ్చింది. నోరు తెరుచుకుంది, పాత నవ్వు మొదటి ముక్క పెద్దగా బయటికి వచ్చేసింది. అది విని అంతటి బాబాయ్ కూడా కొట్టడం ఆపి ఇటు తిరిగాడు. అంతలోనే ఆవిడ చెయ్యి పైకి లేచింది. కావాలని కాదు, అలవాటుగా లేచింది. అరచెయ్యి నోటిని మూసేసింది, మిగతా నవ్వంతా ఆ చేతి వెనకే ఆగిపోయింది.

ఆ చేతిని పట్టుకుని కిందికి దించాలనిపించింది. ఏ హక్కుతో దించను? కాగితం తీసుకుని కిందికి వచ్చి, నా జవాబు కొట్టేసి, 'తీసెయ్యాలి' అని రాసి పంపాను. సవరణ ముక్కలు అచ్చయి రాగానే పుస్తకాలకు జిగురు రాయడం మొదలుపెట్టాను.